పిల్లవాణ్ణి అప్పగించే ముందు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పావుకిలో చింతపండు కొన్నా పిక్కలున్నాయేమోనని విప్పి చూసుకునేవాళ్ళం మనం. బంగారం కొంటే హాల్‌మార్కు ముద్ర ఏదీ అని కొట్టువాణ్ణి నిలదీస్తాం. పనిమనిషిని పెట్టుకునే ముందు, ఇదివరకు ఎవరింట్లో చేసింది, ఎందుకు మానేసింది అని నాలుగిళ్ళలో వాకబు చేస్తాం. కానీ మాటలు రాని మూడేళ్ళ పసివాణ్ణి, రోజుకో గంటసేపు, తలుపు మూసిన గదిలో ఒక కొత్త మనిషికి అప్పగించేటప్పుడు మాత్రం "అమ్మాయ్, నువ్వేం చదువుకున్నావు? నీ పేరు ప్రభుత్వ రిజిస్టరులో ఉందా?" అని అడగడానికి మనకి నోరు పెగలదు. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం. ఇవాళ నేను ఆ మొహమాటం గురించే మాట్లాడదలచుకున్నాను.

ఆటిజం అనే మాట ఈ మధ్య తరచు వింటున్నాం. అది అంటురోగం కాదు, పిచ్చి కాదు. పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఉండే ఒక తేడా. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నర వచ్చినా "అదిగో కాకి" అని వేలు పెట్టి చూపించకపోవడం, వచ్చిన నాలుగు మాటలూ పోవడం, ఆటబండి చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ కూర్చోవడం - ఇలాంటివి కనిపిస్తే పిల్లల డాక్టరుకి చూపించాలి. "మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వాళ్ళ నాన్నకీ నాలుగో ఏటగ్గానీ రాలేదు" అని ఇంట్లో పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. వాళ్ళు ప్రేమకొద్దీ అన్నా, చూపించుకోవడం మాత్రం ఆపవద్దు. తెలిసిన డాక్టర్లు రెండేళ్ళ వయసులోనే దీన్ని గుర్తుపట్టగలరు.

ఇంకోమాట. ఇది తల్లి పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు ఆటిజాన్ని మొదటిసారిగా వివరించి రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, తల్లి ముద్దు చెయ్యకపోవడం వల్లనే పిల్లలిలా అవుతారని అక్కడి పెద్ద పెద్దవాళ్ళే ఆడవాళ్ళ మీద నింద వేశారు. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే ఆయన, తనకూ అలాంటి కొడుకే ఉన్న తండ్రి, ఇది మెదడుకి సంబంధించిన విషయం గానీ తల్లి తప్పు కాదని పుస్తకం రాసి వాదించాడు. ఆ నింద తప్పని శాస్త్రం తేల్చి ఎంతో కాలమైంది. మన ఇళ్ళలో మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. "సెల్‌ఫోను ఇచ్చి కూర్చోబెట్టావు, అందుకే" అనేవాళ్ళు ప్రతి ఇంటా ఒకరుంటారు కదూ!

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నింద మోస్తున్న తల్లి గట్టిగా ప్రశ్నలు వెయ్యలేదు. తప్పు చేసినదానిలా తలవంచుకుని వెడుతుంది. దానికి తోడు "చిన్నప్పుడే మొదలుపెట్టకపోతే లాభం లేదు" అన్న తొందర. చిన్న వయసులోనే శిక్షణ మొదలుపెట్టడం మంచిదే, ఆ మాట నిజమే. అయితే ఆ నిజాన్నే అడ్డం పెట్టుకుని, "ఇవాళే చేర్పించండి, రేపటికి ఆలస్యమైపోతుంది" అని డబ్బు గుంజేవాళ్ళూ ఉన్నారు.

మా వీధిలో ఒకావిడ మనవడికి మూడో ఏట ఆటిజం అని చెప్పారు. మేడమీద రంగురంగుల బోర్డు పెట్టిన ఒక సెంటరులో చేర్పించారు. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు. తల్లిని లోపలికి రానివ్వరు. "మీరుంటే వాడు మారాం చేస్తాడమ్మా" అని బయట కుర్చీలో కూర్చోబెట్టేవారు. నెల తిరిగేసరికి పిల్లవాడు ఆ మెట్లు చూస్తేనే ఏడుపు లంకించుకునేవాడు. చివరికి ఆరా తీస్తే, లోపల పిల్లవాడితో కూర్చునే అమ్మాయి కిందటి నెలదాకా ఒక బట్టల దుకాణంలో పనిచేసింది. ఆ పిల్లనని ఏం లాభం? దానికి వారంరోజులు ఏదో చూపించి గదిలోకి పంపించారు. అడగవలసింది ఆ పంపించినవాళ్ళని. కానీ ఏమని అడగాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే మొదటిరోజే అడిగేవారు.

కనక ఏమని అడగాలో ఇప్పుడు చూద్దాం.

మొదటిది, మనిషి సంగతి. మన దేశంలో 1992లో భారత పునరావాస మండలి చట్టం అని ఒకటి చేశారు. ఇంగ్లీషులో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, పొట్టిగా ఆర్.సి.ఐ. అంటారు. వికలాంగులకు చికిత్స, శిక్షణ ఇచ్చేవాళ్ళలో ఎవరెవరు ఏమేం చదవాలో ఈ కౌన్సిలు నిర్ణయిస్తుంది. అది ఒప్పుకున్న కోర్సు చదివినవాళ్ళ పేర్లు కేంద్ర పునరావాస రిజిస్టరులో ఎక్కిస్తుంది. ప్రతివారికీ ఒక నంబరు ఉంటుంది. దాన్నే సి.ఆర్.ఆర్. నంబరు అంటారు. మాటలు నేర్పే స్పీచి థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ టీచర్లు - వీళ్ళంతా ఈ రిజిస్టరు కిందికి వస్తారు. స్పీచి వారిది నాలుగేళ్ళ డిగ్రీ. స్పెషల్ టీచర్లకి డిప్లొమా గానీ బి.ఇడి. గానీ ఉండాలి. 

ఆ రిజిస్టరులో పేరు లేనివాళ్ళు పునరావాస నిపుణులుగా పనిచెయ్యకూడదని చట్టంలో 13వ సెక్షను చెబుతోంది. మీరితే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జుల్మానా, లేదా రెండూను. వెయ్యి రూపాయలంటే 1992లో కాస్త చెప్పుకోదగ్గ మొత్తమే. ఇవాళ ఒకటి రెండు సార్లు థెరపీకి తీసుకువెళితే అయిపోయే డబ్బు. అందుకే ఆ జుల్మానాకి భయపడి దారికొస్తారులే అని మనం ధీమాగా కూర్చోవడానికి లేదు. మన జాగ్రత్త మనకుండాలి.

గోడకి ఫ్రేములు కట్టించి వరసగా సర్టిఫికెట్లు తగిలిస్తారు. అవి చూసి మురిసిపోకండి. రెండురోజుల సభకి వెళ్ళొచ్చినా ఒక కాగితం ఇస్తారు. మీరు చూడవలసింది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు. అందులో మీ ఎదురుగా కూర్చున్నావిడ పేరే ఉందా, ఏ అర్హతకి ఇచ్చారు, గడువు ఏ తేదీ వరకు ఉంది - ఈ మూడూ చూడండి. దాన్ని ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకుంటూ ఉండాలి. నంబరు రాసుకుని ఇంటికి వస్తే, కౌన్సిలువారి వెబ్‌సైటులో ఆ పేరు ఉందో లేదో మీ అబ్బాయో అమ్మాయో రెండు నిమిషాల్లో చూసిపెడతారు. ఒక్కోచోట సెంటరు పెట్టిన పెద్దావిడ నంబరు బల్ల మీద ఉంటుంది, పిల్లవాడితో కూర్చునేది మాత్రం వేరొకరు. అది కనిపెట్టండి.

ఇక్కడొక చిక్కు ఉంది. ఆటిజం పిల్లలకి ఎక్కువగా చెప్పేది బిహేవియర్ థెరపీ, అంటే ప్రవర్తనకి సంబంధించిన శిక్షణ. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, చేసినప్పుడల్లా మెచ్చుకుంటూ నేర్పడం. 1987లో కాలిఫోర్నియాలో లోవాస్ అనే ప్రొఫెసరు, 19 మంది పసిపిల్లలకి వారానికి 40 గంటల చొప్పున ఇలా నేర్పితే 9 మంది మామూలు బడికి వెళ్ళగలిగారని ప్రకటించాడు. అప్పటినుంచి దీనికి ప్రపంచమంతా గిరాకీ. అయితే తర్వాత చేసిన పరిశోధనల్లో అంతటి ఫలితాలు అందరికీ రాలేదు. తొలిరోజుల్లో ఈ పద్ధతిలో చెంపదెబ్బల్లాంటి శిక్షలు కూడా ఉండేవి. ఇవాళ తెలిసినవాళ్ళు వాటిని ఒప్పుకోరు.

మరి చిక్కు ఏమిటంటే, ఆర్.సి.ఐ. రిజిస్టరులో "బిహేవియర్ థెరపిస్టు" అనే పేరుతో ప్రత్యేకమైన తరగతి లేదు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం వంటి చేతిపనులు నేర్పేవాళ్ళు కూడా అందులో లేరు. వీళ్ళకోసం 2021లో ఇంకో చట్టం వచ్చింది. వైద్యానికి అనుబంధంగా పనిచేసే వృత్తులవారందరికీ జాతీయ కమిషను, ప్రతి రాష్ట్రంలోనూ ఒక కౌన్సిలు, రిజిస్టర్లు ఉండాలని అందులో రాశారు. ఆ జాబితాలో ఆక్యుపేషనల్ థెరపిస్టులూ ఉన్నారు, బిహేవియరల్ ఎనలిస్టు అనే పేరూ ఉంది. చట్టం రాగానే అన్నీ అమరిపోవు కదా. కౌన్సిళ్ళు, రూల్సు ఒక్కొక్కటిగా వస్తాయి. కనక ఆక్యుపేషనల్ థెరపిస్టునైతే డిగ్రీ ఏ కాలేజీదని అడగండి. బిహేవియర్ థెరపిస్టుననే ఆవిడని, "అసలు మీ మూల చదువేమిటి? సైకాలజీయా, స్పెషల్ ఎడ్యుకేషనా? దానికి సి.ఆర్.ఆర్. నంబరుందా?" అని అడగండి. ఆ ప్రశ్నకి సూటిగా జవాబు రావాలి.

"మాది అమెరికా సర్టిఫికెట్టండీ" అంటారు కొందరు. ఆ సంగతీ కాస్త తెలుసుకుందాం. మన పిల్లలు ఎంతోమంది అక్కడ కాపురాలు చేస్తున్నారు కాబట్టి, మనవల కోసమైనా పనికొస్తుంది. అమెరికాలో ఈ లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇచ్చేది. న్యూయార్కులో 2014 నుంచి, టెక్సాసులో 2018 సెప్టెంబరు నుంచి బిహేవియర్ ఎనలిస్టుకి రాష్ట్ర లైసెన్సు ఉండాలి. ఒక రాష్ట్రం లైసెన్సుతో ఇంకో రాష్ట్రంలో పనిచెయ్యడానికి కుదరదు. దీనికి తోడు 1998లో ఏర్పడిన ఒక సర్టిఫికేషన్ బోర్డు ఉంది. అది ఇచ్చేవాటిలో బి.సి.బి.ఎ. అనేది ఎం.ఏ. స్థాయి చదువు, పర్యవేక్షణలో అనుభవం, పరీక్ష అయ్యాక ఇచ్చేది. ఆర్.బి.టి. అనేది 40 గంటల శిక్షణ, పరీక్ష అయ్యాక ఇచ్చేది. ఈ రెండోవాళ్ళు ఎప్పుడూ పైవాళ్ళ పర్యవేక్షణలోనే పనిచెయ్యాలి, స్వతంత్రంగా సెంటరు నడపడానికి అది చాలదు. మూడక్షరాలూ నాలుగక్షరాలూ మన చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి గానీ తేడా అంత ఉంది! పైగా 2023 జనవరి నుంచి ఆ బోర్డు కొత్త దరఖాస్తుల్ని అమెరికా, కెనడా వంటి కొద్ది దేశాలకే పరిమితం చేసింది. కనక మన ఊళ్ళో ఉంటూ "మొన్ననే తీసుకున్నాను" అంటే కాస్త ఆగి ఆలోచించండి. మీ అమ్మాయి అమెరికాలో ఉంటే, పిల్లవాడితో రోజూ కూర్చునే మనిషిని ఎవరు పర్యవేక్షిస్తున్నారు, నెలలో ఎన్నిసార్లు వచ్చి చూస్తున్నారు అని అడగమనండి.

ఇక రెండోది, సెంటరు సంగతి. మనిషికి నంబరుంటే సరిపోదు, ఆ జాగాకీ అనుమతి ఉండాలి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని కూడా తన జాబితాలో చేర్చింది. వికలాంగుల సంరక్షణ, చదువు, శిక్షణ, పునరావాసం కోసం సంస్థ నడిపేవాళ్ళు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గర రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు తీసుకోవాలని 50వ సెక్షను చెబుతోంది. సౌకర్యాలు, ప్రమాణాలు సరిగా ఉన్నాయో లేదో చూసి ఇస్తారు. ఇచ్చినదాన్ని రద్దు చేసే అధికారమూ ఉంది. చట్టాన్ని మీరితే మొదటిసారి పదివేల రూపాయల దాకా, మళ్ళీ మీరితే యాభైవేల నుంచి ఐదులక్షల దాకా జుల్మానా. దుకాణం పెట్టుకోవడానికి మునిసిపాలిటీవారిచ్చే లైసెన్సు చూపించి "మాకు లైసెన్సుందండీ" అంటారు కొందరు. అది వేరు, ఇది వేరు. కిరాణాకొట్టుకీ ఆ కాగితం ఉంటుంది.

ఇంతా చెప్పి, ఒక సంగతి చెప్పకపోతే లోటవుతుంది. రిజిస్టరులో పేరున్న ప్రతివాళ్ళూ మంచివాళ్ళని కాదు. నంబరు చదువు సంగతి చెబుతుంది గానీ ఓర్పు సంగతి చెప్పదు. అలాగే నంబరు లేని సహాయకురాలు పనికిరాదనీ కాదు. 2016లో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ, నిపుణులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, పర్యవేక్షిస్తూ, ఆటిజం పిల్లల తల్లిదండ్రుల దగ్గరికి పంపారు. పిల్లవాడితో ఎలా ఆడాలో, వాడి చూపుని, సైగని ఎలా అందుకోవాలో వాళ్ళు తల్లిదండ్రులకి నేర్పారు. పిల్లలు తమంత తాముగా తల్లిదండ్రుల్ని పలకరించడం పెరిగింది. చూశారా, సహాయకురాలికి శిక్షణ, పైన పర్యవేక్షణ, పక్కన తల్లి ఉండాలి. ఆ మూడూ లేనిచోట పిల్లవాణ్ణి వదలకూడదు.

అందుకని కాగితాలు చూశాక ఈ ప్రశ్నలు కూడా వెయ్యండి. మావాడికి రాబోయే మూడు నెలల్లో ఏం నేర్పుతారు? రాసి ఇస్తారా? వచ్చిందో లేదో ఎలా కొలుస్తారు? నేను లోపల కూర్చుని చూడవచ్చా? ఇంట్లో నేనేం చెయ్యాలో నేర్పుతారా? వాడు ఏడిస్తే, కొరికితే మీరేం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు జాగ్రత్తగా వినండి. "కాస్త భయం పెడతామండీ" అన్నారో, లేచి వచ్చెయ్యండి. మాట రాని పిల్లవాడు ఇంటికొచ్చి "నన్ను కొట్టారమ్మా" అని చెప్పలేడు. వాడి తరఫున చూసే కళ్ళు మనవే కావాలి.

"ఆరు నెలల్లో పూర్తిగా నయం చేస్తాం" అనేవాళ్ళ దగ్గరికి అసలు పోకండి. ఆటిజాన్ని మాయం చేసే మందు లేదు. శిక్షణతో పిల్లలు మాటలు, పనులు, నలుగురితో మెలగడం నేర్చుకుంటారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క నడక. స్టెమ్ సెల్ ఇంజక్షన్లని లక్షలు అడిగేవాళ్ళూ ఉన్నారు. ఇలాంటి జబ్బులకి అది పరిశోధనలో భాగంగా తప్ప చికిత్సగా అమ్మడం నీతి కాదని 2017లో మన వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల్లోనే రాశారు. నగలు తాకట్టు పెట్టే ముందు ఆ మాట గుర్తు తెచ్చుకోండి.

డబ్బున్నవాళ్ళకే ఇవన్నీ అనుకోవద్దు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఇప్పుడు దాని పేరు నీపిడ్. మనవాళ్ళు ఆటిజాన్ని కొలవడానికి వాడే భారతీయ కొలమానం తయారైంది అక్కడే. 2021లో దేశంలో 14 చోట్ల పసిపిల్లల కోసం ప్రత్యేక కేంద్రాలు తెరిచినప్పుడు అక్కడా ఒకటి పెట్టారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. డాక్టరు, స్పీచి, సైకాలజీ, స్పెషల్ టీచరు ఒక్క కప్పు కింద, ఉచితంగా. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వైకల్య సర్టిఫికెట్టు తీసుకుంటే నిరామయ అనే ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఖర్చులొస్తాయి, అందులో థెరపీకీ కొంత భాగముంది. "సర్టిఫికెట్టు తీసుకుంటే పిల్లవాడికి ముద్ర పడిపోతుంది" అని సంకోచిస్తారు కొందరు. ముద్ర పడుతుందని హక్కు వదులుకుంటామా, చెప్పండి?

అత్తగార్లకీ, అమ్మలకీ ఒక చిన్న విన్నపం. కోడలో కూతురో ఈ ప్రశ్నలు అడుగుతుంటే "పెద్ద లాయరులా ఏమిటే ఆ ఆరాలు" అని వెనక్కి లాగకండి. పక్కన మీరూ కూర్చోండి. మంచి థెరపిస్టు అయితే ప్రశ్నలకి నొచ్చుకోదు. కష్టపడి చదువుకున్నావిడ కాబట్టి నంబరు సంతోషంగా చూపిస్తుంది. కుర్చీ వేసి లోపల కూర్చోమంటుంది. నొచ్చుకున్నవాళ్ళ దగ్గర మన పిల్లవాణ్ణి ఉంచకపోతే మనకి పోయేదేమీ లేదు.

ఈ వారంలో మీ ఎరికలో ఎవరైనా అలాంటి పిల్లవాణ్ణి తీసుకుని కొత్త సెంటరుకి వెడుతుంటే, వాళ్ళ వెంట మీరూ వెళ్ళండి. ఒక చిన్న కాగితం మీద రెండు మాటలు రాసుకువెళ్ళండి: మనిషికి సి.ఆర్.ఆర్. నంబరు, సెంటరుకి రాష్ట్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్. వాళ్ళకి నోరు పెగలకపోతే మీరు అడగండి.